ఆకుపచ్చ స్టాండు

ఆ ఇంటి ఆడపిల్ల పిచ్చుక అబద్ధాలాడుతుందన్న సంగతి అక్కడి కుర్చీలకీ బల్లలకీ కూడా తెలుసు. చిన్నప్పుడు పాలు సింకులో పారబోసి, మూతి తుడుచుకుంటూ వచ్చి తాగేశానని చెప్పేదట. పెద్దయ్యాక బస్‌స్టాండులో అనౌన్సరుగా చేరింది. బస్సు ఇంకా డిపో గేటు దాటకపోయినా "మరి కొద్దిసేపట్లో బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది" అని మైకులో తియ్యగా చెప్పేది. ఇదేం పనే అని వదిన అడిగితే, "అది అబద్ధం కాదు వదినా, ఓదార్పు" అనేది.

అందుకే ఛాతీ డాక్టరు ఎక్స్‌రే పక్కన పడేసి, "ఈ అమ్మాయి మందులు మింగటం లేదు" అన్నప్పుడు ఆ గదిలో ఎవరూ ఉలిక్కిపడలేదు. పిచ్చుక తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వదిన పళ్ళు నూరుకుంది.

వదిన ఉద్యోగం చేసేది క్షయ క్రిమి జన్యువులను పరీక్షించే ల్యాబులో. చుట్టుపక్కల ఆసుపత్రులన్నిటి నుంచీ కఫం డబ్బాలు అక్కడికే వస్తాయి. డాక్టరుకు ఆ సంగతి తెలుసు కాబట్టి ఆవిడ వైపే తిరిగి మాట్లాడాడు.

"మీ ల్యాబు మెషీనే చెప్పింది కదమ్మా, క్రిమి మందుకు లొంగే రకమేనని. ఇన్ని నెలలు మందులిచ్చాక కూడా అది హాయిగా పెరుగుతోందంటే నేనేమనుకోవాలి? మందు కడుపులోకి వెళ్ళటం లేదనేగా?"

"వేసుకుంటున్నాను డాక్టరుగారూ," అంది పిచ్చుక మాస్కులోంచి. గొంతు బొంగురుపోయింది. "ఒక్క పూట కూడా మానలేదు. కావాలంటే చూడండి, ఒంటికి వెళ్ళినా మందు రంగే, ఎర్రగా వస్తోంది."

"ఇక్కడికొచ్చే రోజు పొద్దున మింగి వస్తారు చాలామంది. ఆ రోజు ఎర్రగానే వస్తుంది. ఇలాంటి మోసాలు మాకు కొత్తేం కాదు." ఆయన గొంతు హెచ్చలేదు. పాత పాఠం అప్పజెపుతున్నట్టు చెప్పాడు. "అవే మందులు మళ్ళీ మొదట్నుంచి రాస్తున్నాను. ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి మింగించండి. కుడి ఊపిరితిత్తిలో కన్నం పెరిగింది. ఇంకా పెరిగితే ఆ ముక్క కోసి తీసెయ్యటం తప్ప నా చేతిలో ఏమీ ఉండదు."

బయటికి రాగానే అత్తగారు కూతురి మీద విరుచుకుపడింది. "నీ నోట్లోంచి నిజమనేది ఎప్పుడైనా ఊడిపడిందటే! ఒక్క మాత్ర మింగటానికి ఏం రోగమే నీకు?"

"క్షయ రోగమమ్మా," అంది పిచ్చుక.

ఎవరూ నవ్వలేదు. ఇంకోనాడైతే వదిన నవ్వేదే. ఆ రోజు మాత్రం ఒళ్ళు మండిపోయింది. రోజంతా ఎవరెవరి క్రిములతోనో తల పట్టుకుని కూర్చుంటుంది తను. తన ఇంట్లో, తన కళ్ళ ముందే, తన ఆడపడుచు మాత్రలు ఏ కుండీలోనో పూడుస్తోందన్నమాట! రేపు ల్యాబులో ఎవరైనా అడిగితే ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

ఇంటికొచ్చాక దుప్పట్లు మార్చటానికి వెనక గదిలోకి వెళ్ళింది. గాలి బాగా ఆడుతుందని పిచ్చుకను ఆ గదిలోనే ఉంచారు. కిటికీలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. దిండు తీసేసరికి గలీబు మీద మళ్ళీ అవే మరకలు.

"పడుకుని టీ తాగొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఉతకలేక చస్తున్నాను."

పిచ్చుక గోడ వైపు తిరిగి కూర్చుంది. "ఒలికింది వదినా. చెయ్యి వణికింది."

"చెయ్యి వణుకుతుంది, గొంతులోకి మాత్ర దిగదు. కానీ నోరు మాత్రం ఎంచక్కా ఆడుతుంది."

"పురుగుల వదినా," అంది పిచ్చుక ఇటు తిరక్కుండానే. పెళ్ళయిన కొత్తలో ఆవిడకు పెట్టిన పేరది. "నీకు పురుగులు చెప్పేది అర్థమైనంతగా మనుషులు చెప్పేది అర్థం కాదు. పోయి నీ పురుగులనే అడుగు, నేను మందులు వేసుకుంటున్నానో లేదో."

"అడిగాం. అవే చెప్పాయి నీ బండారం."

తలుపు దడాల్న వేసి వచ్చేసింది.

మర్నాడు సాయంత్రం ల్యాబు నుంచి రాగానే బట్టలు నానబెట్టబోయి, గలీబు చేతిలోకి తీసుకుని వదిన ఆగిపోయింది. ఆవిడకు మరకల సంగతి బాగా తెలుసు. టీ మరక గోధుమ రంగులో మొదలై, అంచు ముదురుగా గీత కట్టి ఆగుతుంది. దీనికి అంచు లేదు. రంగు కూడా గోధుమ కాదు, నారింజకు దగ్గర. పైగా ఒక చోట బొట్లుబొట్లుగా ఉండి, దానికి జానెడు దూరంలో మళ్ళీ అలాగే ఉంది. అటు ఒత్తిగిలి పడుకున్నప్పుడు కన్ను ఉండే చోట ఒకటి, ఇటు ఒత్తిగిలినప్పుడు ఉండే చోట ఇంకొకటి.

బుట్టలోంచి పోయిన వారం గలీబు తీసింది. అవే మరకలు. బీరువాలోంచి ఉతికి మడత పెట్టినవి కూడా తీసి కిటికీ వెలుతురులో పట్టి చూసింది. ఉతికినా వదలని లేత నారింజ నీడ, ప్రతి దాని మీదా.

"అత్తయ్యా, పిచ్చుకకు టీ ఎవరు పెట్టి ఇస్తున్నారు?"

"టీనా?" వంటింట్లోంచి అత్తగారు అంది. "దగ్గు పట్టుకున్నప్పటి నుంచీ దానికి టీ వాసనే పడటం లేదు కదే. వేణ్ణీళ్ళే ఇస్తున్నా."

వదిన నేల మీద చతికిలబడింది. ఆ రంగు తనకు తెలియకపోవటమేమిటి! ల్యాబులో పరీక్షల కోసం పిచ్చుకకు రాసిన మందు పొడే కరిగించేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉన్నా గ్లవుజు మీద ఒక చుక్క పడుతుంది. అది ఇదే రంగు. ఆ మందు ఒంట్లోకి వెళితే మూత్రంలోనే కాదు, చెమటలో వస్తుంది, కన్నీళ్ళలో వస్తుంది. రోగులకు చెప్పే జాగ్రత్తల కాగితంలో ఈ ముక్క రాసింది తనే. అదే ముక్క తన ఇంటి దిండు మీద నెలల తరబడి కనిపిస్తుంటే టీ అనుకుని సబ్బు అరగదీసింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు మాత్ర మింగి ఎవరైనా మోసం చెయ్యొచ్చు. రాత్రుళ్ళు ఎవరూ చూడకుండా ఏడ్చే ఏడుపుకు డాక్టరుతో పనేముంది? పిచ్చుక మందు మింగుతోంది, రోజూ మింగుతోంది. ఆ పిల్ల ఆడిన అబద్ధం ఒక్కటే, టీ ఒలికిందని.

కోపం ఆగలేదు, దారి మార్చుకుంది. మందు లోపలికి వెళుతోంది, క్రిమి చావటం లేదు. మెషీనేమో చస్తుందంటోంది. అంటే మెషీనుకు కనబడనిది ఏదో ఉంది.

ఎక్కడుందో కూడా ఆవిడకు తట్టింది. ఈ క్రిమి మహా మొండిది. ఒంటి నిండా మైనపు పూత, రెండుగా చీలటానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది, తొందరంటూ ఉండదు. అయినా బతకాలంటే తన జన్యువుల్ని చదివి నకలు తీసుకోక తప్పదు. ఆ నకలు తీసే ఎంజైముకు గొంతు లాంటి సందు ఒకటుంటుంది. నకలు అందులోంచే బయటికి రావాలి. నారింజ రంగు మందు వెళ్ళి సరిగ్గా అక్కడ అడ్డం పడుతుంది. రెండు మూడు అక్షరాలు వచ్చేసరికి పొలమారినట్టు నకలు ఆగిపోతుంది, క్రిమి చస్తుంది. ఆ సందును తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారినా మందు కుదురుగా కూర్చోలేదు. అలాంటి మార్పులు నూటికి తొంభై పైగా జన్యువులో ఒక చిన్న ముక్కలోనే వస్తాయి. అందుకని మెషీను ఆ ముక్కనే చూస్తుంది. దాని పక్కనే, అటు కాస్త దూరంలో మార్పు వస్తే దానికి తెలియదు. దొంగ పక్క సందులో ఉంటే ఈ సందులో టార్చి వేసి ఎవరూ లేరని చెప్పే కాపలావాడి లాంటిదది.

అప్పుడు గుర్తొచ్చింది, తెల్లవారితే శనివారమని.

ఆ ల్యాబులో రెండు స్టాండులుండేవి. పెంచిన క్రిమి ట్యూబుల్లో, మెషీను మందుకు లొంగని మొండివని తేల్చినవి ఎర్ర స్టాండులో పెడతారు. వాటికి జన్యువు మొత్తం చదువుతారు, ఏ మందుకు ఎలా పెరుగుతుందో పరీక్షిస్తారు, వ్యాసాలు రాస్తారు. లొంగేవని తేలినవి ఆకుపచ్చ స్టాండులో పెడతారు. వాటికి ఇంకే పరీక్షా ఉండదు. శనివారం పొద్దున అన్నీ ఆవిరి యంత్రంలో పెట్టి చంపేస్తారు. దాన్ని అందరూ కుక్కరనే అంటారు. దాన్ని నడిపే పెద్దాయన పేరు ఎప్పుడో మరుగున పడిపోయి కుక్కరు బాబాయి అయ్యాడు.

మర్నాడు పొద్దున్నే వదిన ల్యాబుకు వెళ్ళేసరికి ఆయన ఖాళీ ట్రాలీ పక్కకు తోస్తున్నాడు.

"బాబాయ్, ఆగు! ఆకుపచ్చ స్టాండు లోపల పెట్టకు."

"పెట్టేశానమ్మా. తలుపు బిగించటమే తరువాయి."

"తీసెయ్యి."

"ఇదేమన్నా అన్నం కుక్కరా తల్లీ, ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి?" అన్నాడు గానీ ఆవిడ ముఖం చూసి స్టాండు బయటికి తీశాడు. పిచ్చుక రిపోర్టు మీద చూసిన నంబరు వదినకు గుర్తుంది. రెండో వరుసలో, మూలగా ఉంది ఆ ట్యూబు. అడుగున పాలిపోయిన గడ్డలు. రొట్టె తుంపులు రాలి నానినట్టున్నాయి. ఒక ఆడపిల్ల ఊపిరితిత్తిని తినేస్తున్నది ఇదే.

స్టాండు పళంగా పట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్ళింది. ల్యాబుకు ఆయనే అధిపతి. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని స్టాండు వైపు, ఆవిడ వైపు చూశాడు.

"ఇదేమిటమ్మా, ఆకుపచ్చది నా బల్ల మీద పెట్టావు?"

చెప్పింది. గలీబు సంగతి కూడా దాచకుండా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఆ ఓపిక చూస్తుంటే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నువ్వనే మార్పు లేదనను. వేరే చోట్ల ఉంది. మన ప్రాంతంలో లేదు. ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా దొరకలేదు మనకు."

"ఎక్కడ వెతికాం సార్?"

"వెతక్కపోవటమేమిటి? ఎర్ర స్టాండులోకి వచ్చిన ప్రతిదీ మొత్తం చదివాం."

"ఎర్ర స్టాండులోకి ఏవి వస్తాయి సార్?"

"మెషీను పట్టుకున్నవి," అని ఆయన ఆగాడు.

"మెషీను పట్టుకోలేనివి ఎక్కడికి పోతాయి?" ఆవిడ స్టాండును ఆయన ముందుకు జరిపింది. "ఇందులోకి. శనివారం పొద్దున్నే ఉడకబెట్టేస్తాం. ఉడకబెట్టేసి, మా ప్రాంతంలో లేవని వ్యాసాలు రాస్తాం. వాటి కింద నా పేరు కూడా ఉంది సార్. ఆ వ్యాసాలు చదివిన డాక్టరేమో, నువ్వు మోసగత్తెవని రోగి ముఖం మీద అంటాడు."

"మీ ఇంటి మనిషి కాబట్టి నీకింత ఆవేశం."

"అవును సార్. మా ఇంటి మనిషి కాకపోతే నేను కూడా మీ అంత చల్లగానే ఉందును. నాకు ఒళ్ళు మండేది అందుకే."

గుమ్మం దగ్గర కుక్కరు బాబాయి నిలబడి, ఇంతకీ ఆవిరి పెట్టాలో వద్దో తేలక కాలు మార్చి కాలు వేస్తున్నాడు.

"బంధువుది నువ్వు చెయ్యకూడదు," అన్నాడు పెద్దసారు చివరికి. లేచి గోడకున్న ల్యాబు కోటు తీసుకున్నాడు. దాన్ని ఆయన వేసుకోగా ఎవరైనా చూసి ఎంతో కాలమైంది. గుండీలు పొట్ట మీద పట్టలేదు. "నేను చేస్తాను. ఎంజైము జన్యువు ఈ చివర నుంచి ఆ చివరి దాకా, దానితో పాటు మిగతా జన్యువులు కూడా. సరేనా?"

చదవటం పూర్తయిన రోజు ఆయన ఆవిడను పిలిచి కంప్యూటరు తెర ఇటు తిప్పాడు. మెషీను చూసే ముక్క అద్దంలా ఉంది, ఒక్క మచ్చ లేదు. అది దాటాక కాస్త దూరంలో ఒక్క అక్షరం మారింది. దానితో ఎంజైములో ఉండాల్సిన చిన్న ముక్క బదులు లావుపాటిది వచ్చి కూర్చుంది. మందుకు చోటు లేదు. దానికి తోడు ఇంకో జన్యువులో మరో మార్పు, రెండో మందుకు లొంగకుండా. అంటే రోజూ మింగే గుప్పెడు మాత్రల్లో ముఖ్యమైన రెండూ ఆ పిల్ల కన్నీళ్ళకు రంగు వెయ్యటానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

వదినకు సంతోషం కలగలేదు. తెరను గుద్దాలనిపించింది.

"ఈ ఆకుపచ్చ స్టాండులో మిగతావి కూడా చదవమంటాను," అన్నాడు పెద్దసారు నెమ్మదిగా. "ఇకమీదట మందులు వాడుతున్నా నయం కాని వాళ్ళవి ఏవీ కుక్కరులోకి వెళ్ళవు."

"పోయిన వారానివి సార్? పోయినేడాదివి?"

ఆయన కోటు విప్పి కొక్కేనికి తగిలించే పనిలో పడ్డాడు. ఆ ట్యూబుల వెనక ఎక్కడో ఎవరి ఇళ్ళలోనో, నీ నోట్లోంచి నిజం ఊడిపడిందటే అని తిట్లు తిన్న వాళ్ళుంటారు. వాళ్ళ గలీబులు ఎవరు చూశారు? చూసిన వాళ్ళు టీ అనుకుని ఉతికేసి ఉంటారు.

ఛాతీ డాక్టరు కొత్త రిపోర్టు రెండుసార్లు చదివాడు. "చాలా మంచి పని చేశారండీ," అన్నాడు వదినతో. "మందులు మొత్తం మార్చేస్తాను. ఇవి పనిచేస్తే ఆపరేషను అవసరం రాకపోవచ్చు." వెంటనే రాయటం మొదలుపెట్టాడు.

"ఇంకో మాట చెప్పాలి మీరు," అంది వదిన. "ఆ రోజు మా అత్తగారి ఎదుట ఈ అమ్మాయిని ఒక మాటన్నారు."

"రిపోర్టులో ఉన్నదాన్ని బట్టే అన్నానమ్మా."

"రిపోర్టు మాది. ఆ తప్పు మాదే, ఎక్కడైనా ఒప్పుకుంటాను. మోసమన్న మాట రిపోర్టులో లేదు డాక్టరుగారూ. అది మీరు కలిపారు."

అత్తగారు కోడలి మోచెయ్యి గిల్లింది, డాక్టరుతో ఏమిటే ఆ మాటలని. వదిన కదల్లేదు. డాక్టరు కలం మూసి, చూపు పిచ్చుక మీద కాకుండా ఎక్స్‌రే మీద పెట్టి, "నువ్వు మందులు సరిగ్గానే వేసుకున్నావమ్మా" అన్నాడు.

"ఆ సంగతి నాకు ముందే తెలుసండీ," అంది పిచ్చుక.

దారి పొడుగునా అత్తగారు కూతురి వీపు నిమురుతూనే ఉంది. ఇంటికి రాగానే పిచ్చుక తిన్నగా వెనక గదిలోకి పోయింది. వదిన ఉతికిన గలీబు పట్టుకుని వెనకే వెళ్ళింది. గుమ్మం దగ్గరుండగానే లోపలి నుంచి వచ్చింది మాట.

"గెలిచావుగా. ఇంకేం?"

"గెలుపేమిటే! కొత్త మందులు పడితే..."

"నేను నెలల తరబడి చెప్పాను వదినా. అమ్మకు చెప్పాను, అన్నయ్యకు చెప్పాను, నీకు చెప్పాను. దేవుడి మీద ఒట్టేసి చెప్పాను." దగ్గు తెర వచ్చింది. ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది. "నా మాట నమ్మలేదు. దిండు గలీబు చెబితే నమ్మావు. నాకంటే అది ఎక్కువైందా నీకు?"

వదిన నాలుక చివర చాలా జవాబులున్నాయి. నువ్వు పాలు సింకులో పోశావు కదా, బస్సు రాకుండానే బయలుదేరుతోందన్నావు కదా, టీ ఒలికిందన్నావు కదా. మోసమన్నది మీరు కలిపారని డాక్టరు ముఖం మీద తను అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. అది తనకు కూడా వర్తిస్తుందని అప్పుడే తెలిసింది.

"లేదు," అంది. "నమ్మాల్సింది. నమ్మలేదు."

"ఆ ముక్క మీ పెద్దసారుకు కూడా చెప్పు." పిచ్చుక దిండు లాక్కుని అటు తిరిగి పడుకుంది. "గలీబు అక్కడ పెట్టి పో. నాకిప్పుడు నీ ముఖం చూస్తే మండిపోతోంది."

వదిన గలీబు మంచం మీద పెట్టి వచ్చేసింది. తలుపు మెల్లగా వేసింది.

కొత్త మందులు మొదలయ్యాయి. వాటిలో కన్నీళ్ళకు నారింజ రంగు వేసేది ఏదీ లేదు. తరువాతి వారం వదిన దుప్పట్లు మార్చటానికి వెళ్ళి దిండు ఎత్తితే గలీబు తెల్లగా ఉంది. చేత్తో తడిమితే ఒక చోట తడి తగిలింది. ఎవరూ ఏమీ చదవలేని తడి.

"ఏడ్చావా?"

"లేదు. నీళ్ళు ఒలికాయి."

పచ్చి అబద్ధం. వదిన గలీబు ఊడదీసి చంకలో పెట్టుకుంది.

"మందులు?"

పిచ్చుక తల తిప్పి, వదిన ముఖంలోకి సూటిగా చూసింది. "వేసుకున్నాను."

"సరే," అంది వదిన. మాత్రల డబ్బా వైపు చూడకుండా కొత్త గలీబు తొడగటం మొదలుపెట్టింది.